రాత్రి రెండింటికి సీలోమ్‌లో

*స్వలింగ వివాహాలకు చట్టం చేసిన థాయ్‌లాండ్ రాజధానిలో గే ప్రయాణికులు ఎక్కడ దిగుతారు, ఎక్కడ తిరుగుతారు, గది తీసుకునే ముందు ఏం చూసుకోవాలి?*

సాయంత్రం ఏడు దాటింది. సాలా డేంగ్ స్కైట్రైన్ స్టేషన్ మెట్ల మీద మెళ్లో ఐడీ కార్డులు వేలాడుతున్న ఆఫీసు జనం ఒకరినొకరు ఒరుసుకుంటూ దిగుతున్నారు. కింద పేవ్‌మెంటు మీద బొగ్గుల పొయ్యి ముందు కూర్చున్న ఓ ఆవిడ పంది మాంసం గుచ్చిన పుల్లల్ని అటూ ఇటూ తిప్పుతూనే, చిన్న ప్లాస్టిక్ సంచిలో జిగురన్నం ముద్ద వేసి చేతికందిస్తోంది. పగలంతా బ్యాంకులు, బీమా కార్యాలయాలు, రత్నాల వ్యాపారులతో ఊపిరాడని సీలోమ్ రోడ్డు, షట్టర్లు దిగుతున్నకొద్దీ ఇంకో వేషం కడుతోంది.

ఆ రోడ్డు పక్కనే ఓ ఇరుకు సందు. పేరు సీలోమ్ సోయి 4. రెండు వైపులా బార్లు. లోపల ఖాళీలున్నా జనమంతా బయట వేసిన బల్లల దగ్గరే చేరారు. పెళ్లి విడిది అరుగుల మీద కూర్చుని వచ్చేపోయే చుట్టాలను పరికించినట్టు, అందరి చూపూ సందు మధ్య నడిచేవాళ్ల మీదే. జుట్టు నెరిసిన ఐరోపా జంటలు, సింగపూర్ నుంచి వారాంతానికి వచ్చిన కుర్రాళ్లు, ఆఫీసు చొక్కా మార్చుకోకుండానే వచ్చి కూర్చున్న థాయ్ యువకులు. ఇద్దరు మగవాళ్లు చేతిలో చెయ్యేసుకుని వెళ్తుంటే తలతిప్పి చూసేవాళ్లున్నారు గానీ, ఆ చూపులో 'వీళ్లేంటిలా' అన్న ప్రశ్న లేదు. చొక్కా బాగుందా లేదా అన్నదే అక్కడి విచారణ.

ఏడాదికి ఇరవై లక్షల మందికి పైగా భారతీయులు థాయ్‌లాండ్ వెళ్తున్న కాలమిది. 2023 నవంబరు నుంచి మనవాళ్లకు వీసా లేకుండా ప్రవేశం ఇవ్వడం మొదలైంది. శంషాబాద్‌లో విమానమెక్కితే మూడున్నర గంటల్లో బ్యాంకాక్. ఆ లక్షల్లో హనీమూన్ జంటలున్నారు, ఆఫీసు బృందాలున్నాయి, పెళ్లికి ముందు స్నేహితులతో సరదాగా వెళ్లే గుంపులున్నాయి. అదే గుంపులోంచి ఓ రాత్రి 'తలనొప్పిగా ఉంది, మీరెళ్లండిరా' అని వెనకబడి, అరగంట తర్వాత ఒంటరిగా సోయి 4 వైపు నడిచేవాళ్లూ ఉంటారు.

పెళ్లి బాజాతో మళ్లీ వార్తల్లోకి

2025 జనవరి 23న థాయ్‌లాండ్‌లో స్వలింగ వివాహాల చట్టం అమల్లోకి వచ్చింది. ఆ ఒక్కరోజే దేశం మొత్తం మీద 1,800కు పైగా జంటలు పెళ్లి నమోదు చేయించుకున్నాయి. బ్యాంకాక్ నడిబొడ్డునున్న సియామ్ పారగాన్ మాల్‌లో సామూహిక వేడుక జరిగింది. పదేళ్లు, ఇరవయ్యేళ్లు కలిసి బతికినవాళ్లు కొత్త బట్టల్లో వరసకట్టి నిలబడి, రిజిస్ట్రారు ముందు సంతకాలు పెట్టి కళ్లు తుడుచుకున్నారు. ఆసియాలో తైవాన్, నేపాల్‌ల తర్వాత మూడో దేశంగా, ఆగ్నేయాసియాలో మొదటిదిగా థాయ్‌లాండ్ నిలిచింది.

దిగువ సభలో ఈ బిల్లుకు 400 ఓట్లు అనుకూలంగా, 10 వ్యతిరేకంగా పడ్డాయి. సెనేట్‌లో 130కి 4. పౌర, వాణిజ్య స్మృతిలో 'పురుషుడు, స్త్రీ' అని ఉన్నచోట 'ఇద్దరు వ్యక్తులు' అని మార్చారు. దాంతో ఆస్తి, వారసత్వం, దత్తత, ఆస్పత్రిలో భాగస్వామి తరఫున సంతకం పెట్టే హక్కు, అన్నీ వెంట వచ్చాయి.

ఈ ఓట్ల అంకెలు చూస్తే ఆ దేశం పుట్టుకతోనే ఇలా ఉందనిపిస్తుంది. ప్రయాణ కంపెనీలు చెప్పేదీ అదే. స్వలింగ సంబంధాలను నేరాల జాబితాలోంచి థాయ్‌లాండ్ 1956లోనే తీసేసిన మాట నిజం. మన దగ్గర అది 2018 సెప్టెంబరు 6న జరిగింది. కానీ అదే థాయ్‌లాండ్‌లో 1996 చివర్లో రాజభట్ విద్యాసంస్థలు 'స్వలింగ సంపర్కులు టీచర్లు కావడానికి వీల్లేదు' అని నిషేధం పెట్టాయి. గొడవలయ్యాక మరుసటి ఏడాదికి వెనక్కు తగ్గాయి. 2009 ఫిబ్రవరిలో చియాంగ్ మాయ్‌లో ప్రైడ్ యాత్రకు బయలుదేరినవాళ్లను ఓ గుంపు చుట్టుముట్టి గేటు దాటనివ్వలేదు. ట్రాన్స్ మహిళలను సైనిక సేవ నుంచి మినహాయిస్తూ ఇచ్చే పత్రాల్లో 'శాశ్వత మానసిక రుగ్మత' అని రాసే పద్ధతిని 2011లో కోర్టు తప్పుపట్టేదాకా ఆ మాట వాళ్ల ఉద్యోగాలకు అడ్డుపడింది. పెళ్లి చట్టం వచ్చినప్పుడు కూడా ట్రాన్స్ వ్యక్తులు గుర్తింపు కార్డులో లింగం మార్చుకునే హక్కు అందులో లేదు.

సీలోమ్ రోడ్డు మీద 2022 జూన్‌లో ప్రైడ్ యాత్ర జరిగినప్పుడు కొత్తగా ఎన్నికైన బ్యాంకాక్ గవర్నర్ చడ్‌చార్ట్ సిట్టిపుంట్ అందులో కనిపించారు. రెండేళ్ల తర్వాత నగరంలో జరిగిన ప్రైడ్ యాత్రకు అప్పటి ప్రధాని స్రెత్తా థవిసిన్ స్వయంగా వచ్చారు. చియాంగ్ మాయ్ గేటుకూ దీనికీ మధ్య గడిచింది పదిహేనేళ్లు.

మనవైపు చూస్తే, హైదరాబాద్‌కు చెందిన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ 2021 డిసెంబరులో నగర శివార్లలో బంధుమిత్రుల సమక్షంలో వేడుక చేసుకున్నారు. ఆ తర్వాత పెళ్లి హక్కు కోసం సుప్రీంకోర్టు తలుపు తట్టారు. 2023 అక్టోబరు 17న వెలువడిన తీర్పు వాళ్ల పేరుతోనే ఉంది. కోర్టు ఆ హక్కును గుర్తించలేదు, చట్టం చేయాల్సింది పార్లమెంటేనంది. కాబట్టి ఇద్దరు భారతీయులు బ్యాంకాక్‌లో దండలు మార్చుకుని వచ్చినా, శంషాబాద్‌లో దిగేసరికి కాగితం మీద వాళ్లు స్నేహితులే.

సీలోమే ఎందుకు?

ప్రపంచంలో గే బార్ల వీధులు చాలావరకు ఊళ్లో ఎవరికీ పట్టని మూలల్లో పుట్టాయి. సీలోమ్ కథ కాస్త వేరు. 1946లో పాట్‌పాంగ్‌పానిచ్ కుటుంబం సీలోమ్, సురవోంగ్ రోడ్ల మధ్య ఓ అరటితోట స్థలం కొని దారి వేసింది. విమాన కంపెనీలు, విదేశీ సంస్థలు ఆఫీసులు పెట్టాయి. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైనికులు విశ్రాంతికి బ్యాంకాక్ రావడం మొదలెట్టాక ఆఫీసుల స్థానంలో బార్లు లేచాయి. అదే నేటి పాట్‌పాంగ్. ఆడవాళ్ల డ్యాన్సు బార్ల పక్కనే, రాత్రి ఎవరెటు వెళ్తున్నారో ఎవరూ లెక్కపెట్టని ఆ వాతావరణంలోనే గే బార్లకూ చోటు దొరికింది. 1980ల్లో సోయి 4లోని రోమ్ క్లబ్ ఊరంతటికీ తెలిసిన డిస్కో. 1987లో అదే సందులో టెలిఫోన్ పబ్ తెరుచుకుంది. బల్లకో ఫోను, ఫోనుకో నంబరు. ఎదుటి బల్ల మీద కూర్చున్న మనిషి నచ్చితే లేచి వెళ్లి పలకరించే ధైర్యం లేనివాడు ఆ నంబరు తిప్పితే సరిపోయేది. జేబులో ఆప్‌లు వచ్చాక ఆ ఫోన్ల పని తీరిపోయింది గానీ పేరు మిగిలింది.

ఇంకో కారణం సర్కారుది. 2001లో థాయ్ ప్రభుత్వం 'సామాజిక క్రమశిక్షణ' పేరుతో రాత్రి వ్యాపారాల మీద విరుచుకుపడింది. తర్వాత పొద్దుపోయేదాకా తెరిచి ఉంచుకోవడానికి బ్యాంకాక్‌లో మూడు మండలాలు నిర్ణయించారు. వాటిలో పాట్‌పాంగ్ ఒకటి. ఆ గీత లోపలున్న సందులు బతికిపోయాయి. 1999 డిసెంబరులో స్కైట్రైన్, 2004 జులైలో భూగర్భ మెట్రో వచ్చి రెండూ సరిగ్గా సీలోమ్ మొదట్లోనే కలిశాయి. ఊరి ఏ మూల నుంచైనా ఇక్కడికి చేరడం తేలికైంది.

> స్టేషన్ల లెక్క
>
> సువర్ణభూమి విమానాశ్రయం నుంచి ఎయిర్‌పోర్ట్ రైలులో ఫయా థాయ్. అక్కడ స్కైట్రైన్ ఎక్కి సియామ్‌లో దిగి సీలోమ్ లైనుకు మారితే రెండో స్టేషనే సాలా డేంగ్.
>
> సుఖుమ్విత్ ప్రాంతంలోని అసోక్ కూడలి నుంచి భూగర్భ మెట్రోలో సీలోమ్ నాలుగో స్టేషను.
>
> రైళ్లు అర్ధరాత్రితో ఆగిపోతాయి. మళ్లీ కూత వినాలంటే తెల్లవారాలి.

గది ఎక్కడ తీసుకోవాలి?

రైళ్లు అర్ధరాత్రితో ఆగిపోతాయన్న ఆ మాటే మొత్తం కథ. బ్యాంకాక్‌లో డ్యాన్స్ క్లబ్బుల్లో సందడి మొదలయ్యేది రైళ్లు ఆగే వేళకు. సోయి 2లోని డీజే స్టేషన్‌లో పదకొండు దాటాకే షో మొదలవుతుంది, అర్ధరాత్రికి గానీ నేల కనిపించనంత జనం రారు. 2023 డిసెంబరు నుంచి లైసెన్సున్న క్లబ్బులు తెల్లవారుజామున నాలుగింటి దాకా నడపడానికి అనుమతి ఉన్నా, చాలాచోట్ల రెండింటికే దీపాలు వెలుగుతాయి. రెండు దాటాక సీలోమ్ రోడ్డు మీద నిలబడి, చెమటకు తడిసిన చొక్కాతో, మూడింతల ధర చెప్పే టుక్‌టుక్ డ్రైవరుతో బేరమాడటం ఆ రాత్రికి ఏ మాత్రం శోభనివ్వదు.

అందుకే గే రాత్రుల కోసమే వెళ్తున్నవాళ్లకు సీలోమ్, సురవోంగ్ రోడ్ల మధ్య, లేదా ఎదుటి పక్క సాథోర్న్ వైపు, నడిచి వెళ్లేంత దూరంలో గది దొరికితే అంతకన్నా కావలసింది లేదు. సోయి 2, సోయి 4 రెండింటికీ అయిదు నిమిషాల నడక ఉండే హోటళ్లు అన్ని ధరల్లోనూ ఉన్నాయి. పక్కనే లుంపిని పార్కు. బుద్ధుడు పుట్టిన లుంబిని పేరే దానికి పెట్టారు. ఉదయం లేవగలిగితే ఉడుముల్లాంటి పెద్ద బల్లులు చెరువు గట్టున ఎండకు పడుకుని కనిపిస్తాయి. సీలోమ్ రోడ్డు మీదే పడమటి వైపు నడిస్తే పాన్ రోడ్డు మూలన శ్రీ మహామారియమ్మన్ గుడి. పందొమ్మిదో శతాబ్దంలో తమిళులు కట్టుకున్నది. పరిసరాల్లో ఇడ్లీ సాంబారు దొరికే అవకాశం ఉంది కనుక, మూడో రోజుకు నాలుక మొండికేసేవారికి ఇదో భరోసా.

సుఖుమ్విత్ రోడ్డు మన యాత్రా ఏజెంట్లకు ప్రీతిపాత్రం. భారతీయ భోజనశాలలు అక్కడెక్కువ, హోటళ్లెక్కువ. కుటుంబంతోనో, మిత్రబృందంతోనో వెళ్లి, ఒకటి రెండు రాత్రులు మాత్రం సీలోమ్ చూసి వద్దామనుకునేవారికి అసోక్ చుట్టుపక్కల దిగడం తెలివైన పని. వెళ్లేటప్పుడు మెట్రో, వచ్చేటప్పుడు గ్రాబ్ టాక్సీ. సియామ్ షాపింగ్ ఇష్టమున్నవారికి. ఖావో సాన్ రోడ్డు వీపున సంచితో తిరిగే కుర్రకారుకు చవకే గానీ స్టేషన్‌కు దూరం, సీలోమ్‌కు ఇంకా దూరం. అక్కడ ఆదా చేసిన బాత్‌లు రాత్రి టాక్సీలకే చెల్లు.

నదీతీరపు ఖరీదైన హోటళ్ల గురించి ఒక మాట. ఫొటోల్లో అద్భుతంగా ఉంటాయి. జంటగా వెళ్లి ప్రశాంతంగా ఉండాలనుకుంటే సరే. రాత్రి జీవితం కోసం వెళ్లి అక్కడ దిగడం మాత్రం సినిమాకు టికెట్టు కొని హాలు బయట సోడా తాగినట్టే.

రిసెప్షన్ బల్ల దగ్గర

గే జంట హోటల్‌కు వెళ్లినప్పుడు తరచూ ఎదురయ్యే సంఘటన ఒకటుంది. ఒకే పెద్ద మంచం ఉన్న గది బుక్ చేస్తారు. రిసెప్షన్‌లో ఉన్నవాళ్లు ఇద్దరు మగవాళ్లను చూసి, పొరపాటు జరిగిందనుకుని, ఎంతో మర్యాదగా 'రెండు మంచాల గదికి మార్చమంటారా సార్?' అంటారు. ఉద్దేశం మంచిదే. కానీ లాబీలో నలుగురి మధ్య 'అక్కర్లేదు, ఒకటే కావాలి' అని పలకడానికి మనవైపు నుంచి వెళ్లినవాళ్లకు గొంతు పెగలదు. సీలోమ్ చుట్టుపక్కల హోటళ్లలో ఆ ప్రశ్న సాధారణంగా రాదు. ఆ ప్రాంతంలో గది తీసుకోవడానికి దూరంతో పాటు ఇదీ ఓ కారణం.

విచిత్రమేమిటంటే మన తెలుగు ఊళ్లలో ఇద్దరు మగవాళ్లకు లాడ్జి గది దొరకడం చాలా తేలిక. పెళ్లికాని అమ్మాయి, అబ్బాయి వెళ్తే సవాలక్ష ప్రశ్నలు. పెళ్లికానివాళ్లు హోటల్ గదిలో ఉండకూడదనే చట్టమేదీ లేదని 2019లో మద్రాసు హైకోర్టు చెప్పినా కౌంటర్ దగ్గర తీరు పెద్దగా మారలేదు. ఇద్దరు కుర్రాళ్లు వెళ్తే మాత్రం ఉద్యోగ పరీక్షకో, పెళ్లికో వచ్చారనుకుని తాళం చేతిలో పెడతారు. భుజాల మీద చేతులేసుకుని రోడ్డు మీద నడిచినా ఎవరూ పట్టించుకోరు. మన దగ్గర దాక్కోవడానికి చోటుకు కొదవ లేదు. కొదవంతా బయట కూర్చోవడానికి. వేల రూపాయల టికెట్టు కొని సముద్రం దాటేది నాలుగ్గోడల కోసం కాదు, సోయి 4లో వీధి వైపు వేసిన ఆ బల్ల కోసం.

బ్యాంకాక్ హోటళ్లలో తెలుసుకోవాల్సిన మరో సంగతి 'జాయినర్ ఫీజు'. బుక్ చేసుకున్నవారు కాకుండా రాత్రికి కొత్త మనిషి గదికి వస్తే కొన్ని హోటళ్లు అదనంగా వసూలు చేస్తాయి, కొన్ని అసలు రానివ్వవు. చాలాచోట్ల వచ్చినవారి గుర్తింపు కార్డు రిసెప్షన్‌లో తీసుకుని, వెళ్లేటప్పుడు తిరిగిస్తారు. దీన్ని అవమానంగా భావించేవాళ్లున్నారు. నిజానికి ఇది బస చేసినవారికే రక్షణ. పరిచయమై మూడు గంటలైన మనిషి, పొద్దున లేచేసరికి పర్సుతో సహా మాయమయ్యే ప్రమాదాన్ని ఆ కార్డు చాలావరకు తగ్గిస్తుంది. వచ్చిన మనిషి వయసు కూడా అందులోనే తెలిసిపోతుంది. ఇద్దరు కలిసి ఉండబోతున్నామని ముందే తెలిస్తే, మొదటే ఇద్దరి పేర్లతో బుక్ చేయడం ఉత్తమం. విదేశీ అతిథుల వివరాలు 24 గంటల్లోగా ఇమిగ్రేషన్ శాఖకు పంపడం అక్కడి చట్టం. పాస్‌పోర్టు అడిగారని కంగారు పడనక్కర్లేదు.

ఓ రాత్రి క్రమం

ఎనిమిదింటికే క్లబ్బు ముందు నిలబడేవాళ్లు కొత్తవాళ్లని ఇట్టే తెలిసిపోతుంది. అలవాటైనవాళ్లు ముందు కడుపునిండా తింటారు. తొమ్మిది, పది మధ్య సోయి 4 చేరి ఓ బల్ల పట్టుకుంటారు. టెలిఫోన్, ఎదురుగా బాల్కనీ, కాస్త ముందుకెళ్తే స్ట్రేంజర్ బార్. స్ట్రేంజర్ చిన్నదే గానీ అక్కడి డ్రాగ్ కళాకారులు నగరమంతటా ప్రసిద్ధులు. మగవాళ్లు రెక్కలు, కిరీటాలు, అరచేయంత హీల్స్‌తో వేదికెక్కి పాటకు పెదవి కలుపుతూ, ముందు వరసలో మొహమాటంగా నవ్వుతున్న పర్యాటకుణ్ని పట్టుకుని ఓ ఆట ఆడిస్తారు. పాతకాలపు పద్యనాటకాల్లోనూ, కూచిపూడి భామాకలాపంలోనూ మగవాడి ఆడవేషానికి చప్పట్లు కొట్టిన తాతల మనవలకు ఇందులో కొత్తదనం వేషం కాదు, ఆ గడుసు నోరు.

పదకొండున్నరకు జనం సోయి 2 వైపు కదులుతారు. ఆ సందు మొదట్లోనే సంచులు, వయసు చూస్తారు. థాయ్‌లాండ్‌లో క్లబ్బులోకి ప్రవేశం 20 ఏళ్లు నిండినవారికే. ముప్పై దాటినవారిని కూడా కార్డు అడుగుతారు, పొంగిపోవాల్సిన పనిలేదు. డీజే స్టేషన్ మూడంతస్తులు. కింద నాట్యం, పైనుంచి చూడటానికి బాల్కనీలు. ప్రవేశ రుసుములో పానీయాల కూపన్లు కలిసి ఉంటాయి. తాగనివారు కూపన్‌ను సోడాకు మార్చుకోవచ్చు.

రోజులు చూసుకుని వెళ్లడమూ ముఖ్యమే. శుక్ర, శనివారాలు కిటకిట. మాఖ పూజ, విశాఖ పూజ, ఆసాళ్హ పూజ వంటి బౌద్ధ పర్వదినాల్లో మద్యంపై ఆంక్షలుంటాయి గనుక కొన్ని బార్లు మూతపడవచ్చు. పౌర్ణమి తిథులను బట్టి వచ్చే రోజులవి. మన పంచాంగం దగ్గరున్నవారు ముందే ఓ అంచనాకు రావచ్చు. ఏప్రిల్ 13 నుంచి 15 దాకా థాయ్ కొత్త సంవత్సర పండుగ సాంగ్‌క్రాన్. ఆ మూడు రోజులూ సీలోమ్ రోడ్డు నీళ్ల తుపాకుల యుద్ధభూమి. అదే వారంలో ఆసియా నలుమూలల గే యువకులు జీసర్క్యూట్ అనే భారీ డ్యాన్స్ వేడుకకు వస్తారు. గదుల ధరలు ఆకాశాన్నంటుతాయి. జూన్ మొదట్లో ప్రైడ్. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం హాయి.

> దారిలో దిగే దేశాలు
>
> బ్యాంకాక్‌తో కలిపి పక్క దేశాలూ చుట్టేద్దామనుకునేవారు గమనించాల్సింది: స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377ఏ సెక్షన్‌ను సింగపూర్ రద్దు చేసింది, ఆ రద్దు 2023 జనవరిలో అమల్లోకి వచ్చింది. మలేసియా, మయన్మార్‌లలో స్వలింగ సంబంధాలు ఇంకా నేరమే. దుబాయ్ మీదుగా వెళ్లేవారికీ ఇదే వర్తిస్తుంది. ఫోనులో ఆప్‌లు, ఫొటోలు అక్కడ తెరవకపోవడం క్షేమం.
>
> థాయ్‌లాండ్‌కు వెళ్లేవారు 2025 మే నుంచి ప్రయాణానికి ముందే డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి. ఈ-సిగరెట్లు అక్కడ నిషిద్ధం. వీసా నిబంధనలు మారుతుంటాయి, టికెట్టు కొనేముందు ఓసారి చూసుకోవాలి.

మెరుపుల వెనక

పాట్‌పాంగ్ చుట్టూ ఫొటోల కార్డులు పట్టుకుని 'షో, సార్, షో' అంటూ వెంటపడేవాళ్లుంటారు. పై అంతస్తుకు తీసుకెళ్లి, రెండు బీర్లకు వేలల్లో బిల్లు చేతిలో పెట్టి తలుపు దగ్గర మనుషుల్ని నిలబెట్టే మోసం దశాబ్దాలుగా నడుస్తున్నదే. గేల కోసమంటూ పిలిచినా, ఇంకెవరి కోసమంటూ పిలిచినా మెట్లెక్కకపోవడమే మంచిది. మగ గోగో బార్లు పాట్‌పాంగ్‌లో బాహాటంగానే ఉన్నాయి. వ్యభిచారం మాత్రం థాయ్ చట్టం ప్రకారం నేరం. అక్కడ డ్యాన్సు చేసే కుర్రాళ్లలో చాలామంది ఈశాన్య పల్లెల నుంచి, సరిహద్దు దేశాల నుంచి బతుకుదెరువుకు వచ్చినవాళ్లు. అందరూ గేలు కారు. పర్యాటక కరపత్రాలు రాయని సంగతి ఇది.

మనవాళ్లకు ఎదురయ్యే చిన్నచూపు గురించి కూడా చెప్పుకోవాలి. డేటింగ్ ఆప్‌లలో 'భారతీయులు వద్దు' అని మొహమాటం లేకుండా రాసుకునే ప్రొఫైళ్లు కనిపిస్తాయి. సొంతూళ్లో దాక్కుని బతికి, స్వేచ్ఛ కోసం ఇంత దూరం వచ్చిన మనిషికి అది రెండో దెబ్బ. కొందరు పర్యాటకుల ప్రవర్తన కూడా దానికి తోడైంది. గుంపులుగా వచ్చి డ్యాన్సర్ల వీడియోలు తీయడం, అనుమతి లేకుండా మీద చేయి వేయడం వంటివి. వీడియోల బాధ డ్యాన్సర్లదే కాదు, మనవాళ్లదీ. పక్క బల్ల మీద ఎవరో తీసిన సెల్ఫీలో వెనక కనిపించిన ముఖం, మర్నాటికి గుంటూరులోనో వరంగల్‌లోనో కుటుంబ వాట్సాప్ గ్రూపు దాకా చేరొచ్చు. బల్ల ఎంచుకునేటప్పుడు, ఫోను తీసేటప్పుడు రెండు వైపులా ఆ జాగ్రత్త అవసరం.

ఆరోగ్యం విషయంలో సీలోమ్‌కు ఓ పెద్ద దిక్కుంది. సాలా డేంగ్‌కు కూతవేటు దూరంలో, రాజ్‌దమ్రి రోడ్డు మీద థాయ్ రెడ్‌క్రాస్ వారి అనామక క్లినిక్. 1991లో మొదలైంది. పేరు చెప్పకుండానే హెచ్ఐవీ పరీక్ష చేయించుకోవచ్చు. ఆసియాలో అలాంటివాటిలో మొదటిది అదే. ఎయిడ్స్ భయంతో దేశం వణుకుతున్న రోజుల్లో తెరిచిన ఆ తలుపు ఎందరినో బతికించింది.

> దేశీ పాటకు స్టెప్పు
>
> ఢిల్లీ లలిత్ హోటల్‌లోని కిట్టీ సూ క్లబ్బు గే పార్టీలకు, డ్రాగ్ ప్రదర్శనలకు పేరుపొందింది. దాన్ని నడిపించే కేశవ్ సూరి, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377 సెక్షన్‌పై సుప్రీంకోర్టుకు వెళ్లినవారిలో ఒకరు.
>
> లండన్‌లో 1995 నుంచి క్లబ్ కాలి బాలీవుడ్, భాంగ్రా పాటలతో దక్షిణాసియా గేలను ఆడిస్తోంది. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 1986లో పుట్టిన త్రికోణ్ దక్షిణాసియా గేల తొలి సంస్థల్లో ఒకటి. న్యూయార్క్‌లో చదువుకునే తెలుగు విద్యార్థులకు క్వీన్స్‌లోని జాక్సన్ హైట్స్ దోసెలకే కాదు, గే బార్లకూ దగ్గరే.
>
> హైదరాబాద్‌లో మొదటి ప్రైడ్ నడక 2013 ఫిబ్రవరిలో జరిగింది. నిజాం కాలం నాటి ట్రాన్స్ వ్యతిరేక చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టేసింది. బోర్డు పెట్టుకుని నడిచే గే బార్ మాత్రం నగరంలో కుదురుకోలేదు. పబ్బులు అప్పుడప్పుడూ ఓ రాత్రి కేటాయించడం, మిత్రుల ఇళ్లలో చేరడం, అంతే.

సీలోమ్ ఎన్నాళ్లు?

సురవోంగ్ రోడ్డు పక్కన 'సోయి ట్వైలైట్' అనే సందు ఉండేది. మగ గోగో బార్లతో కిక్కిరిసిన ఆ సందును 2019లో స్థల యజమానులు ఖాళీ చేయించారు. బార్లు మూటాముల్లె సర్దుకుని పాట్‌పాంగ్ 2 వైపు తరలాయి. అదే ఏడాది జనవరిలో సీలోమ్ మూలనున్న దుసిత్ థానీ హోటల్, 1970 నుంచి నగరానికి ఆనవాలుగా నిలిచినది, మూతపడింది. దాని స్థానంలో కొత్త హోటల్ 2024లో తెరుచుకుంది, పక్కనే మాల్, ఆఫీసు టవర్లు లేచాయి. చదరపు గజం ధర ఈ వేగంతో పెరుగుతుంటే ఇరుకు సందులో బల్లలు వేసుకుని బీరమ్మే వ్యాపారం ఎంతకాలం అద్దె కట్టగలదన్నది సీలోమ్ బార్ల యజమానుల ముందున్న అసలు చిక్కు.

ఈలోగా థాయ్ కుర్రకారు వాళ్ల దారి వాళ్లు చూసుకున్నారు. వాళ్ల దృష్టిలో సోయి 4 విదేశీయులది, ధరలూ విదేశీయులవే. రచ్చడా, రామ్‌ఖమ్‌హేంగ్ వైపున్న పబ్బుల్లో నలుగురు మిత్రులు కలిసి ఓ విస్కీ సీసా కొని, సోడా, ఐసు బకెట్ తెప్పించుకుని, నిలబడే బల్ల చుట్టూ చేరి, థాయ్ పాటలకు గొంతు కలుపుతారు. అక్కడ గేలు వేరు, మిగతావాళ్లు వేరు అన్న విభజన పెద్దగా కనిపించదు. మెనూలో ఇంగ్లిషు ఉండకపోవచ్చు. రెండుసార్లు వెళ్లి ముఖపరిచయమైన పర్యాటకుడికి సోయి 4 వెయిటర్లే ఈ చోట్ల పేర్లు చెబుతారు, డ్రైవరుకు చూపించడానికి థాయ్ లిపిలో రాసి కూడా ఇస్తారు. సీలోమ్‌లో గది తీసుకున్నవాళ్లు అటు వెళ్లే రాత్రి మాత్రం తిరుగు టాక్సీకి డబ్బు పక్కన పెట్టుకోవాలి. అక్కడి పాటలు ముగిసే వేళకు మెట్రో గేట్లు మూసి చాలాసేపవుతుంది.